గాయం చూడగానే అనే మొదటి మాట

తమను తాము గాయపరచుకునే పిల్లల సంగతి ఇళ్లలో ఎత్తరు, కాలేజీల్లో ఎత్తనివ్వరు. అదే విషయం మీద వార్డెన్లనూ ఆయాలనూ అమ్మానాన్నలనూ ఒకచోట కూర్చోబెట్టి శిక్షణ ఇస్తే? తొలిసారి జనం మధ్య ఆ పని చేసిన ఓ కౌన్సెలర్ రాసిన కథనం ఇది.

రెసిడెన్షియల్ కాలేజీలో చదివే అమ్మాయి చేతి మీద గాయాలుంటే వాటిని ముందు చూసేదెవరు? ప్రిన్సిపాల్ తన గదిలో ఉంటారు. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి ఉంటారు. తల్లిదండ్రులు ఔటింగ్ రోజున వస్తారు, అప్పటికి పిల్ల పొడుగు చేతుల చుడీదార్ వేసుకుని ఉంటుంది. పొద్దున్నే గదులు ఊడ్చే ఆయమ్మ చూస్తుంది. బట్టలు ఆరేసేచోట పక్క మంచం పిల్ల చూస్తుంది. స్టడీ అవర్‌లో బెంచీల మధ్య తిరిగే వార్డెన్ చూస్తుంది. ఇంటి దగ్గరుండి చదివే పిల్లాడైతే అమ్మ కంట పడుతుంది. లేదంటే, వీడు మాటిమాటికీ కట్టుగుడ్డ ఎందుకు కొంటున్నాడని మెడికల్ షాపాయన గమనిస్తాడు. ఆ క్షణంలో ఏం చెయ్యాలో, ఏమనాలో వీళ్లలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

నేర్పకపోతే ఏమవుతుందో నా కౌన్సెలింగ్ గదిలో వింటూనే ఉంటాను. నా దగ్గరికొచ్చే పిల్లలు గాయం సంగతి రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటారు. అది బయటపడిన రోజు సంగతి మాత్రం చెబుతూనే ఉంటారు. ఎవరు చెంప మీద కొట్టారో, ఎవరు 'ఇవన్నీ నాటకాలు' అన్నారో, ఎవరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారో, అమ్మ తన తల మీద చెయ్యి పెట్టించి ఎలా ఒట్టు వేయించుకుందో అన్నీ గుర్తుంటాయి. ఆ రోజుతో మానేసినవాళ్లు తక్కువ. దాచడం నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

గాయాన్నీ దాని వెనకున్న బాధనూ నయం చేసే పని వైద్యులదే. కానీ ఆ పిల్ల వైద్యుల దాకా వస్తుందా రాదా అన్నది, గాయాన్ని ముందు చూసిన మనిషి నోట వచ్చే మొదటి మాటను బట్టి ఉంటుంది. ఆ మాటను నేర్పొచ్చు. నలుగురిలో, తలుపులు తీసి మరీ నేర్పాలి.

తలుపులు తీసిన హాలు

తలుపు వేసిన గదిలో ఒక్కరితో మాట్లాడటం నా వృత్తి. ఎవరైనా రావచ్చని చెప్పి ఈ విషయం మీద శిక్షణ ఇవ్వడం మాత్రం గుంటూరులో ఓ చిన్న హాల్లోనే మొదలు. వార్డెన్లకు, ఆయాలకు, పీఈటీలకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, తల్లిదండ్రులకు కబురు పంపాం. మందుల దుకాణాల వాళ్లనూ రమ్మన్నాం. హాలు బయట కట్టే ఫ్లెక్సీ మీద 'విద్యార్థులు - ఒత్తిడి' అని రాస్తే చాలు కదా అని కొందరు శ్రేయోభిలాషులు అన్నారు. విషయాన్ని ఉన్నదున్నట్టుగానే రాయించాం. శిక్షణ ఇచ్చేవాళ్లే మాట దాచుకుంటే పిల్లలు దాచుకోవడంలో వింతేముంది?

ఏటా మార్చి 1ని చాలా దేశాల్లో స్వీయగాయ అవగాహన దినంగా పాటిస్తారు. మనకు మార్చి అంటే ఇంటర్ పరీక్షలు. హాల్ టికెట్లు, ప్రీ ఫైనల్ మార్కులు, సెక్షన్ మార్పులు, ఇంటికి వెళ్లే మెసేజీలు అన్నీ ఆ రోజుల్లోనే మీద పడతాయి. కాబట్టి ఇలాంటి శిక్షణ పరీక్షలు దగ్గరపడ్డాక హడావుడిగా పెట్టేది కాదు. కాలేజీలు తెరిచిన కొత్తలోనే జరగాలి.

నలుగురిలో మాట్లాడేటప్పుడు ముందు హాలును సురక్షితంగా మార్చుకోవాలి. వచ్చినవాళ్లలో తమను తాము గాయపరచుకున్నవాళ్లు, ఇప్పటికీ గాయపరచుకుంటున్నవాళ్లు ఉంటారన్న ఎరుకతోనే నోరు విప్పాలి. అందుకని ముందే నాలుగు నియమాలు చెప్పాం. గాయాల ఫొటోలు, వీడియోలు తెర మీద చూపించం. ఎలా చేసుకుంటారు, దేనితో చేసుకుంటారు అన్న వివరాల్లోకి వెళ్లం. ఏ పిల్ల పేరూ, కాలేజీ పేరూ ఎవరూ ఎత్తకూడదు. మనసు బరువెక్కితే ఎవరినీ అడగకుండా లేచి వెళ్లొచ్చు, పక్క గదిలో మరో కౌన్సెలర్ కూర్చుని ఉంటారు. ఆ గదిలోకి కొందరు వెళ్లారు కూడా. వాళ్లెవరో, ఏం మాట్లాడారో ఇక్కడ రాయను.

ఎందుకు చేసుకుంటారు?

చనిపోవాలన్న కోరిక లేకుండా, కావాలని తన శరీరాన్ని తానే గాయపరచుకోవడం. స్వీయగాయం అంటే స్థూలంగా ఇది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 దీన్ని మరింత పరిశోధన అవసరమైన ప్రత్యేక స్థితిగా పేర్కొంది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి ఒక సమీక్ష ప్రకారం, కౌమారంలో ఉన్నవాళ్లలో దాదాపు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేసుకున్నట్టు చెప్పారు. ఎక్కువమందిలో ఇది 12-14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే ఇంటర్ దాకా ఆగనక్కర్లేదు, ఏడో తరగతి పిల్లల టీచర్లకూ ఇది తెలియాలి.

ఆడపిల్లల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. మగపిల్లలూ చేసుకుంటారు. వాళ్లు గోడను గుద్ది చేతులు వాచేలా చేసుకుంటే దాన్ని మనం కోపం ఖాతాలో వేసేస్తాం. 'మగాడన్నాక ఆ మాత్రం ఆవేశం ఉంటుంది' అని వదిలేస్తాం.

'అందరూ తన వైపు చూడాలని చేస్తోంది' అన్నది హాల్లో ఎక్కువ మంది నమ్మిన కారణం. నలుగురి దృష్టీ కోరుకునే పిల్ల మండుటెండల్లో పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకుంటుంది? ఆటల పీరియడ్‌కు కడుపునొప్పని ఎందుకు ఎగ్గొడుతుంది? చాలామంది దీన్ని ఏళ్ల తరబడి దాస్తారు. ఒకవేళ ఎవరైనా చూడాలనే చేసుకున్నారనుకుందాం. మాటలతో అడిగితే దొరకని తోడు కోసం ఒంటిని గాయపరచుకునే దాకా వచ్చిందంటే, ఆ పిల్లకు ఎవరో ఒకరి అవసరం ఉందనేగా? అవసరం ఉందని తెలిశాక ముఖం తిప్పుకోవడం ఏ న్యాయం?

పరిశోధకులు అడిగినప్పుడు పిల్లలు ఎక్కువగా చెప్పే కారణం వేరు. భరించలేని ఉద్వేగం నుంచి కాసేపు తెరిపి. కోపం, అవమానం, దిగులు, భయం ఒక్కసారి ముప్పిరిగొన్నప్పుడు ఒంటి నొప్పి మనసును కాసేపు అటు మళ్లిస్తుంది. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి. లోపలంతా మొద్దుబారిపోయి ఏమీ తెలియనప్పుడు, ఏదో ఒకటి తెలియాలని చేసుకుంటారు. మరికొందరు తమను తాము శిక్షించుకుంటారు. ర్యాంకు తగ్గింది నా వల్లే, నాన్న అప్పు చేసింది నా వల్లే, ఇంట్లో గొడవలు నా వల్లే అన్న లెక్క వాళ్లది. తెరిపి ఎంతోసేపు నిలవదు. వెనకే సిగ్గు వస్తుంది, సిగ్గు వల్ల దాపరికం, దాపరికం వల్ల ఒంటరితనం, ఒంటరితనం వల్ల మళ్లీ అదే ఉద్వేగం. ఈ చుట్టులో మనం వేసే కేకలూ తిట్లూ సరిగ్గా సిగ్గు దగ్గర చేరి దాన్ని రెట్టింపు చేస్తాయి. తిట్టి మాన్పించలేకపోవడానికి కారణం ఇదే.

దీన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లున్నారు, ప్రేమ వ్యవహారమని ఫోను లాక్కునేవాళ్లున్నారు. ఆ రెండూ పిల్లను అడగకుండానే మనం రాసేసుకున్న జవాబులు. ఈ శిక్షణ అడగడం నేర్పుతుంది.

చావు తలపు ఉందా అని అడగవచ్చా?

అడగాలి. స్వీయగాయమూ ఆత్మహత్యాయత్నమూ ఒకటి కావు. గాయపరచుకునే పిల్లల్లో చాలామంది బతకడానికే, ఆ పూట గట్టెక్కడానికే అలా చేస్తారు. అయితే రెండింటికీ సంబంధం లేదనుకోవడం ప్రమాదం. స్వీయగాయం చేసుకునేవాళ్లకు ముందు ముందు ఆత్మహత్య ముప్పు మిగతావారికన్నా ఎక్కువని అధ్యయనాలు పదేపదే చెప్పాయి. కాబట్టి 'ఇది చావు కోసం కాదులే' అని తేలిగ్గా తీసుకోకూడదు, 'చచ్చిపోబోయింది' అని కాలేజీ అంతా దండోరా వేయకూడదు.

తెలుసుకోవడానికి ఒక్కటే దారి. నెమ్మదిగా, డొంకతిరుగుడు లేకుండా అడగడం. 'ఒక్కోసారి బతకాలని లేదనిపిస్తుందా? చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని పెద్దల భయం. దశాబ్దాల పరిశోధనలో ఆ భయానికి ఆధారం దొరకలేదు. పైగా, అడిగినందుకు గుండె బరువు దిగిందని చెప్పినవాళ్లే ఎందరో. అవునని జవాబు వస్తే ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా, అదే రోజు వైద్య సాయం అందించాలి.

అడగడం వార్డెన్ చెయ్యొచ్చు, ముప్పు ఎంతో తూకం వేయడం మాత్రం ఆమె పని కాదు. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో స్వీయగాయంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వైద్యులకే ఒక హెచ్చరిక చేసింది. ఎవరు మళ్లీ చేసుకుంటారో, ఎవరు ఆత్మహత్యకు పాల్పడతారో ముందే చెప్పడానికి స్కోరు పట్టికలు వాడొద్దని, మనిషి అవసరాలను కూర్చుని తెలుసుకోమని చెప్పింది. వైద్యులే మార్కులు వేయకూడదన్నప్పుడు కాలేజీలు 'హై రిస్క్, లో రిస్క్' అని జాబితాలు తయారుచేయడం తగదు.

నోటికి అలవాటు కావాలి

విషయం తెలిసినంత మాత్రాన మాట మారదు. కంగారులో అలవాటైన మాటే వస్తుంది. అందుకని శిక్షణలో ఎక్కువ సమయం అభ్యాసానికే ఇచ్చాం. ముగ్గురేసి ఒక జట్టు. ఒకరు పిల్ల, ఒకరు పెద్ద, ఒకరు చూసేవాళ్లు. గాయం ఇప్పుడే కంటపడింది, పెద్ద ఏమంటారు?

ఒక జట్టులో ఏఎన్ఎం పిల్లగా కూర్చుంది. ఎదురుగా ఓ హాస్టల్ ఆయా, పక్కన వార్డెన్. ఆయా నోట ఠక్కున వచ్చిన మాట: "ఎంత పని చేశావే తల్లీ! మీ అమ్మకి తెలిస్తే గుండె ఆగిపోద్ది." వార్డెన్ అందుకుంది: "ఎప్పట్నుంచి జరుగుతోందిది? ఎవరతను?" పిల్లగా కూర్చున్న ఏఎన్ఎంను ఎలా అనిపించిందని అడిగాను. "అమ్మ పేరెత్తగానే చెయ్యి వెనక్కి లాగేసుకోవాలనిపించింది మేడమ్. రెండో ప్రశ్నకి ఇక జవాబే చెప్పబుద్ధి కాలేదు" అంది. ఆ ఇద్దరూ ప్రేమ లేనివాళ్లు కారు. ఆయా కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. ప్రేమే భయం వేషంలో బయటికొచ్చింది.

రెండోసారి మొదలుపెట్టారు. ఈసారి ఆయా కాసేపు ఏమీ అనలేదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోకుండానే అడిగింది: "నొప్పిగా ఉందా అమ్మా? రా, ముందు కడిగి కట్టు కట్టుకుందాం." వార్డెన్ మాట కూడా మారింది: "నీ మీద నాకు కోపం లేదమ్మా. ఇప్పుడే అన్నీ చెప్పక్కర్లేదు. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు నేనిక్కడే ఉంటా." అంతే. ఎక్కడా సలహా లేదు, ప్రశ్నల వాన లేదు. 'నొప్పిగా ఉందా' అన్న ఆ ప్రశ్న కన్నా మంచి మొదటి మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ అభ్యాసం నుంచి అందరికీ గుర్తుండేలా మూడు మెట్లు చెప్పుకున్నాం. గాయం, మాట, మనిషి. ముందు గాయం సంగతి చూడాలి. రక్తం ఆగకపోయినా, లోతుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తర్వాత మాట. తీర్పు లేని, తొందర లేని మాట. ఆ తర్వాత, సాయం చేయగల మనిషికి అప్పగింత. కౌన్సెలర్ కావచ్చు, వైద్యులు కావచ్చు. అప్పగించి చేతులు దులుపుకోకూడదు. మర్నాడు కనపడినప్పుడు 'ఈ రోజు ఎలా ఉంది?' అని అడిగేది ఆ ఆయాయే కావాలి.

ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. 'చేసుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడేంటి' అని కుట్లు వేసేటప్పుడు ఎత్తిపొడవడం పిల్లలు చెప్పగా విన్నాను. 2004లోనే నైస్ తొలి మార్గదర్శకాలు, స్వీయగాయంతో వచ్చినవాళ్లకు చికిత్స జరుగుతున్నంతసేపూ తగినంత మత్తు, నొప్పినివారణ ఇవ్వాలనీ, మిగతా రోగుల్లాగే గౌరవంగా చూడాలనీ చెప్పాయి. చికిత్స శిక్ష కాకూడదు.

హాలు అడిగిన ప్రశ్నలు

ఒక తండ్రి లేచి, "ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు రాస్తారని భయపడి ఇంట్లోనే కట్టు కట్టుకుంటున్నామండీ" అన్నారు. ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. స్వీయగాయం నేరం కాదు. ఆత్మహత్యాయత్నం విషయంలోనూ చట్టం మారింది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 115వ సెక్షన్, ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ, సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లాంటిది లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో చేసే ప్రయత్నం గురించి మాత్రమే 226వ సెక్షన్ ఉంది. ఆసుపత్రి వాళ్లు వివరాలు రాసుకోవడం వేరు, నేరం మోపడం వేరు. ఆ భయంతో చికిత్స ఆలస్యం చేయకండి.

"ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకుంటారు కదా మేడమ్, ఇలా మాట్లాడితే ఎక్కువ కాదా?" అని ఓ పీఈటీ అడిగారు. స్నేహబృందాల్లో ఇది పాకడం నిజమే. పాకేది ఎలా చేసుకోవాలన్న వివరం వల్ల, గాయాల ఫొటోల వల్ల, అసెంబ్లీలో ఒక పిల్లను నిలబెట్టి అందరికీ చూపించడం వల్ల. బాధ గురించీ, సాయం ఎక్కడ దొరుకుతుందన్న దాని గురించీ మాట్లాడటం వల్ల కాదు. అందుకే తరగతిలో అందరి చేతులూ చాపించి తనిఖీ చేయడం లాంటివి చెయ్యొద్దని గట్టిగా చెప్పాం.

మెడికల్ షాపాయన, "కట్టుగుడ్డ కోసం పదేపదే వచ్చే అబ్బాయిని ఏమని అడగాలి?" అన్నారు. ముందు ఆ కట్టుగుడ్డ ఇవ్వండి, కాదనకండి. శుభ్రమైన కట్టు లేకపోతే గాయం చీము పడుతుంది తప్ప బాధ తగ్గదు. డబ్బు తీసుకునేటప్పుడు ఎవరికీ వినపడకుండా, 'లోతుగా ఉంటే డాక్టరుకి చూపించుకో బాబూ. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఇదిగో ఈ నంబరు' అని ఓ చీటీ ఇవ్వండి.

తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అన్నది వార్డెన్ల ప్రశ్న. మైనర్ పిల్లల విషయంలో ఇంటికి చెప్పకుండా దాచడం కుదరదు. కానీ పిల్లతో చెప్పి, పిల్లను పక్కన పెట్టుకుని, ఏం చెప్పబోతున్నామో ముందే మాట్లాడుకుని చెప్పాలి. ఫోనులో 'మీ అమ్మాయి ఇలా చేసింది, వచ్చి టీసీ తీసుకెళ్లండి' అనడం ఆ ఇంట్లో అగ్గి పెట్టడమే. ఎవరికీ చెప్పనని పిల్లకు మాట ఇవ్వకూడదు, నిలబెట్టుకోలేం. 'తెలియాల్సినవాళ్లకే చెబుతా, నీకు చెప్పాకే చెబుతా' అనొచ్చు. గాయం వెనక లైంగిక వేధింపు ఉందని పిల్ల చెబితే మాత్రం పోక్సో చట్టం-2012 ప్రకారం ఆ విషయాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. వేధించిన మనిషి ఇంట్లోనే ఉంటే ముందు పిల్ల భద్రత చూడాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 అందుకే ఉంది.

సుప్రీంకోర్టు చెప్పిన మాట

ఈ శిక్షణ ఇప్పుడు ఎవరి దయో కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం మీద ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జులై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయని చెప్పింది.

వాటిలో ఒకటి నేరుగా మన విషయం. బోధన సిబ్బందికీ బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు, అర్హులైన మానసిక ఆరోగ్య నిపుణులతో తప్పనిసరిగా శిక్షణ ఇప్పించాలి. మానసిక ప్రథమ చికిత్స, హెచ్చరిక సంకేతాలు గుర్తించడం, స్వీయగాయానికి స్పందించడం, ఎవరి దగ్గరికి పంపాలో తెలియడం అందులో ఉండాలి. వంద, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో అర్హులైన కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. హాస్టళ్లలో, తరగతి గదుల్లో సహాయ నంబర్లను కనపడేలా పెద్ద అక్షరాల్లో రాయాలి.

'బోధనేతర సిబ్బంది' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. లెక్చరర్లను కూర్చోబెట్టి, ఆయాలను టీ అందించడానికి నిలబెడితే అది శిక్షణ కాదు. గాయాన్ని ముందు చూసేది వాళ్లు. కుర్చీ ముందు వాళ్లకే వేయాలి.

ఒక్క శిక్షణతో అయిపోదు

ఇంత చెప్పాక శిక్షణకున్న హద్దు కూడా చెప్పాలి. యూరప్‌లోని పది దేశాల్లో 168 పాఠశాలల్లో, 11,110 మంది విద్యార్థులతో సేయిల్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2015లో లాన్సెట్‌లో వచ్చాయి. అది స్వీయగాయం మీద కాదు, ఆత్మహత్యాయత్నాల మీద. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. విద్యార్థులకే మానసిక ఆరోగ్యం గురించి తరగతి గదిలో చర్చలతో, అభినయంతో నేర్పిన బడుల్లో ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు, పోలిక కోసం తీసుకున్న బడులతో చూస్తే దాదాపు సగమే. మనకు అర్థం కావాల్సింది ఏమిటంటే, పెద్దల శిక్షణ మొదటి మెట్టు మాత్రమే. పక్క మంచం స్నేహితురాలికి కూడా ఏం చెయ్యాలో తెలియాలి. ఆ పిల్లే కదా రాత్రి పదకొండింటికి మేలుకుని ఉండేది!

పంపించడానికి చోటు కూడా ఉండాలి. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. పెద్దల్లో సైతం చికిత్స అవసరమైనవాళ్లలో ఎక్కువమందికి అది అందడం లేదని అదే సర్వే చెప్పింది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సేవలున్నాయి. 'ఎర్రగడ్డ' అన్న మాటను తిట్టుగా వాడే నాలుకలు ముందు మారాలి.

నయమవుతుందా అని అందరూ అడుగుతారు. అవుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1,943 మందిని కౌమారం నుంచి 29 ఏళ్ల దాకా గమనించిన అధ్యయనంలో, చిన్నప్పుడు గాయపరచుకున్నవాళ్లలో పదింట తొమ్మిది మంది పెద్దయ్యాక మానేశారు. అయితే చాలామందిలో వెనక దిగులూ ఆందోళనా ఉన్నాయి కాబట్టి, 'పెద్దయితే అదే పోతుంది' అని వదిలేయకుండా వాటికి చికిత్స చేయాలి. తీవ్రమైన స్వీయగాయానికి ప్రపంచమంతటా వాడుతున్న డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే చికిత్సను రూపొందించింది అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్. పదిహేడేళ్ల వయసులో, 1961లో, ఆమె హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మానసిక ఆసుపత్రిలో చేరారు. తనను తాను తీవ్రంగా గాయపరచుకున్న రోగి ఆమె. యాభై ఏళ్ల తర్వాత, 2011 జూన్‌లో, అదే ఆసుపత్రికి వెళ్లి ఆ సంగతి అందరి ముందూ చెప్పారు. ఉద్వేగాన్ని గుర్తుపట్టడం, తట్టుకోవడం, ఎదుటివారిని సాయం అడగడం లాంటి నైపుణ్యాలను డీబీటీ ఒక్కొక్కటిగా నేర్పుతుంది. అంటే ఇవన్నీ నేర్చుకోగలిగినవే.

గాయం కంటపడితే

చెయ్యాల్సినవి:
• గొంతు తగ్గించండి. పక్కకు తీసుకెళ్లి గాయానికి ముందు కట్టు కట్టండి. లోతుగా ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.
• 'నొప్పిగా ఉందా?', 'నీ మీద కోపం లేదు' అనండి. చెప్పింది వినండి.
• చనిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడగండి. ఉందంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే సాయం అందించండి.
• కౌన్సెలర్‌కో, వైద్యులకో, 14416కో మీరే దగ్గరుండి కలపండి.

చెయ్యకూడనివి:
• కొట్టడం, తిట్టడం, ఒట్టు వేయించుకోవడం.
• ఫొటో తీయడం, మిగతా పిల్లల ముందు ప్రస్తావించడం.
• టీసీ ఇస్తామని, హాస్టల్ నుంచి పంపేస్తామని బెదిరించడం.
• 'ఇంతకన్నా కష్టాలు మేం పడలేదా' అని పోల్చడం.

ఇది చదువుతున్నవాళ్లలో తమను తాము గాయపరచుకుంటున్న పిల్లలు ఉంటే వాళ్లకో మాట. నీలో లోపం లేదు. నీ బాధకు ఇంకో దారి ఉంది, దాన్ని నేర్పేవాళ్లూ ఉన్నారు. మొదట చెప్పిన పెద్దవాళ్లు సరిగ్గా వినకపోతే అక్కడితో ఆగొద్దు, ఇంకొకరికి చెప్పు. ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు చేతికి ఇవ్వగానే, ర్యాంకు గురించి కన్నా ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి. మీ సిబ్బందికి స్వీయగాయం మీద శిక్షణ ఎప్పుడిచ్చారు? అందులో ఆయాలూ వార్డెన్లూ కూర్చున్నారా? కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు? జవాబు రాకపోతే మళ్లీ మీటింగ్‌లోనూ అడగండి. సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీ పిల్లల కోసమే, అమలు చేయించుకునే హక్కూ మీదే.